నిండు నెలలు: ఊరు ఎరిగియుండవలసిన సంగతులు

వీధి దీపము వెలుగకున్నను, బోరు చెడిపోయినను పంచాయతీ సభ్యునికి ఆ వార్త తెల్లవారకముందే అందును. ఏ యింట ఏ యిల్లాలికి నెలలు నిండినవో మాత్రము ఆయనకు తెలియదు. అది ఆడవారి విషయమని ఊరకుండుట మన వాడుక. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో నేడు పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవే గనుక ఆ సాకు ఇక చెల్లదు.

కడపటి ముట్టు మొదటి దినము మొదలు ప్రసవము వరకు సుమారు 280 దినములు, అనగా 40 వారములు పట్టును. 28వ వారము దాటిన పిమ్మట నడుము నొప్పి, పిక్కలు పట్టుట, గుండెలో మంట, మాటిమాటికి మూత్రము వచ్చుట, నిద్ర చాలకుండుట సహజములు. ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పరుండుట మేలు. అప్పుడప్పుడు కడుపు గట్టిపడి సడలుచుండును. ఇవి దొంగ నొప్పులు, విశ్రమించినచో తగ్గును. నిజమైన నొప్పులు క్రమము తప్పక వచ్చుచు, రానురాను దగ్గరపడి తీవ్రమగుచుండును.

సాయంకాలమునకు పాదములు కొంచెము వాచి, తెల్లవారుసరికి తీయుటకు భయపడనక్కరలేదు. కాని ముఖము, చేతులు ఉబ్బినను, తలనొప్పి విడువకున్నను, కన్నులు మసకలు క్రమ్మినను, రొమ్ము క్రింద నొప్పి పుట్టినను వెంటనే రక్తపు పోటు చూపించవలెను. అది 140/90కి చేరినచో వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. అశ్రద్ధ చేసినచో మూర్ఛలు రావచ్చును. పల్లెలలో దీనిని గుర్రపువాతమందురు. దయ్యము సోకినదని భూతవైద్యునికై కబురంపి, ఆ జాములోనే తల్లిని, బిడ్డను పోగొట్టుకొనుట కంటె దుఃఖకరమైనది వేరొకటి లేదు. అట్లే బిడ్డ కదలికలు తగ్గినను, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినను, రక్తము ధారగా పోయినను, జ్వరము తగిలినను తెల్లవారనిమ్మని ఆగరాదు.

మన స్త్రీలలో రక్తహీనత మెండు. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో లోపము. 7 గ్రాములకు తగ్గినచో ఆసుపత్రిలో చికిత్స జరుగవలెను. ఆరోగ్య కార్యకర్తలిచ్చు ఇనుప ధాతువు మాత్రలు వేసుకొనిన మలము నల్లబడునని బెదరి, వానిని చూరులో దోపి మరచువారు కలరు. ఆ నలుపు హానికరము కాదు. టీతో మ్రింగినచో మాత్ర సరిగా ఒంటబట్టదు. సున్నపు ధాతువు మాత్రతో కలిపి వేసుకొనరాదు. బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని కూడు తగ్గించు అత్తగార్లున్నారు. బలహీనురాలైన తల్లికే కాన్పు కష్టము. ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతకదు అను మాటయు నిజము కాదు. గర్భములో గడపిన ప్రతి వారము బిడ్డకు బలమే.

తొలిచూలు కాన్పునకు పుట్టింటికి పంపుట మన ఆచారము. ఇందులో ఒక చిక్కు కలదు. అత్తవారి ఊరి పట్టికలో ఆమె పేరుండును, మనిషి యుండదు. పుట్టినింటి ఊరిలో మనిషి యుండును, పేరుండదు. ఇద్దరు ఆశా కార్యకర్తలలో ఎవ్వరును ఆమె గడప త్రొక్కరు. సరిగా ఆ నెలలలోనే చివరి రెండు పరీక్షలు జరుగవలసియున్నవి. కనుక తల్లీబిడ్డల కార్డు వెంట పంపవలెను. చేరిన వారముననే క్రొత్త ఊరి కార్యకర్తకు తెలుపవలెను. సారెతోపాటు ఆ కార్డు కూడ బయలుదేరినదా అని ఒక సభ్యుడు అడిగినచో తప్పేమియు లేదు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యులచే ఉచిత పరీక్షలు జరుగుచున్నవి.

ప్రాణములు పోవుటకు మూడు ఆలస్యములు కారణములని వైద్యులందురు: ఇంటిలో నిర్ణయించుటకు ఆలస్యము, దారిలో ఆలస్యము, ఆసుపత్రిలో చికిత్స ఆరంభించుటలో ఆలస్యము. నడిమిది ముఖ్యముగా పంచాయతీ పని. ప్రసవానంతర రక్తస్రావము రెండు గంటలలో ప్రాణము తీయగలదు. గండిపడిన బాటపై ఆ రెండు గంటలు తేలికగా గడచిపోవును. 2005 ఆగష్టులో హైదరాబాదున మొదలైన 108 వాహనము నేడు పల్లెలకు వచ్చుచున్నది. కాని అది ఏ మలుపు వరకు రాగలదు, అచ్చటినుండి మంచముపై ఎవరు మోయుదురు అనునవి ముందే తేల్చుకొనవలెను. ఏజెన్సీ గ్రామములలో డోలీయే గతియైన చోట్ల, వాగులు పొంగక ముందే, దినములు దగ్గరపడిన వారిని ఆసుపత్రి చేరువనున్న వసతికి చేర్చుట క్షేమము.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము కూడినపుడు రాబోవు రెండు నెలలలో ప్రసవింపవలసిన వారి పట్టికను ఆశా కార్యకర్తచే చదివించుడు. ఒక్కొక్కరికి రక్తపు గుంపు, తోడు వెళ్ళువారు, అర్ధరాత్రి పిలిచిన పలుకు జీపు యజమాని ఫోను నంబరు, అవసరమైన రక్తమిచ్చుటకు ఒప్పుకొనిన ఇద్దరి పేర్లు వ్రాయించి, ఒక ప్రతి ఆ యింటిలోను, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయములోను ఉంచుడు.