ఫార్మాట్ కొట్టే ముందు

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడొకరు తన చేతిరాత పాసును ఫొటో తీసి పెడితే అది దేశమంతా తిరిగింది. ఆ రోజు ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లాగిన్ తెర దాకా రాలేక నీలి తెర దగ్గరే చతికిలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన అప్‌డేట్‌లో ఒక చిన్న ఫైలు తప్పుగా ఉండటమే అందుకు కారణం. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే యంత్రం లేచి కూర్చుంది. లోపలి సమాచారానికి ఏమీ కాలేదు.

ఇళ్లలో, చిన్న దుకాణాల్లో మాత్రం కథ వేరేగా ముగుస్తుంది. రాత్రి అప్‌గ్రేడ్ పెట్టి పడుకుంటారు. పొద్దున పాస్‌వర్డ్ కొడితే తెర ఒకసారి మిణుక్కుమని మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. లేదా నల్లటి తెర మీద బాణం గుర్తు ఒక్కటే మిగులుతుంది. సర్వీస్ షాపులో కుర్రాడు రెండు నిమిషాలు చూసి తేల్చేస్తాడు: "ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి." పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, కొట్టు లెక్కలు ఆ ఒక్క మాటతో పోతాయి. చాలాసార్లు అవి పోవాల్సిన పనే లేదు.

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని బాసగూడ లాంటి ఊళ్లో ఇది ఇంకా పెద్ద సంగతి. దోర్లీ, గోండి, హిందీతో పాటు తెలుగూ వినిపించే ఊరది. కంప్యూటర్ మొరాయిస్తే ఇటు ఆవపల్లి మీదుగా బీజాపూర్‌కో, అటు సరిహద్దు దాటి చెర్ల, భద్రాచలానికో మోసుకెళ్లాలి. తీరా వెళ్తే "ఫార్మాట్" అన్న మాటే వినాలంటే, బస్సెక్కే ముందు ఒక గంట కూర్చుని జబ్బేమిటో తెలుసుకోవడం మేలు.

ఈ బెడద ఇప్పుడు ఎక్కువమందికి ఎదురవుతోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. ఆ అర్హత లేని పాత యంత్రాల్లో కొన్ని లినక్స్ వైపు మళ్లుతున్నాయి. మన దగ్గర లినక్స్ కొత్తదేమీ కాదు. సీ-డాక్ చెన్నై కేంద్రం 2007లో తెచ్చిన బాస్ లినక్స్ తెలుగులోనూ నడుస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ ఉద్యమం తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. ఈ రెంటికీ పునాది డెబియన్. ఉబుంటు, మింట్ కూడా ఆ కుటుంబానివే కాబట్టి, కింద చెప్పే మరమ్మతులు పేరు మారినా ఇంచుమించు అన్నిటికీ పనికొస్తాయి.

సినిమా హాలు గేటు దగ్గర టికెట్ చింపే మనిషి వేరు, లోపల ప్రొజెక్టర్ నడిపే మనిషి వేరు. లాగిన్ తెర చూపించి పాస్‌వర్డ్ సరిచూసే ప్రోగ్రామ్‌ది గేటు మనిషి ఉద్యోగం. ఉబుంటులో దాని పేరు జీడీఎం, మింట్‌లో లైట్‌డీఎం. పాస్‌వర్డ్ సరిపోయాక మీ డెస్క్‌టాప్‌ను తెర మీదికి తెచ్చేది మరో ప్రోగ్రామ్. ఈ ఇద్దరికీ ముందు సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ లేవాలి, గ్రాఫిక్స్ డ్రైవర్ పలకాలి. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బండి ఎక్కడ ఆగింది? లాగిన్ తెరే రాకపోతే డ్రైవర్‌ను అనుమానించాలి. తెర వచ్చి పాస్‌వర్డ్ తప్పంటే కీబోర్డును చూడాలి. పాస్‌వర్డ్ ఒప్పుకుని, లోపలికి పోనట్టే పోయి బయటికి నెడితే మీ ఫోల్డర్‌నో, హార్డ్ డిస్కునో పట్టుకోవాలి.

కీబోర్డు గొడవ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగులుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక పెట్టుకున్నవాళ్లకు అప్‌గ్రేడ్ తర్వాత లాగిన్ తెర దగ్గర ఒక్కోసారి తెలుగు అమరికే ముందుకు వస్తుంది. ఇంగ్లీషు పాస్‌వర్డ్ కొడుతున్నామనే అనుకుంటాం. లోపల పడేవి తెలుగక్షరాలు, పైకి కనిపించేవి చుక్కలు. తెర మూలన భాష గుర్తు ఉంటే దాన్ని ఇంగ్లీషుకు మార్చాలి. పాస్‌వర్డ్ గడి పక్కన కన్ను బొమ్మ ఉంటే నొక్కి ఏం పడుతోందో చూడాలి. క్యాప్స్ లాక్, నమ్ లాక్ సంగతి చెప్పనక్కర్లేదు గానీ, షాపుకు వెళ్లే కేసుల్లో అవీ ఉంటాయి.

అసలు విసిగించేది లోపలికి పోయి బయటికొచ్చే జబ్బు. దీనికి తరచూ దొరికే దొంగ, నిండిపోయిన హార్డ్ డిస్క్. అప్‌గ్రేడ్ వందల ప్యాకేజీలను దించుకుంటుంది, వాటి కాపీలు ఒక్కోసారి డిస్కులోనే ఉండిపోతాయి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థ మామూలుగా 5 శాతం చోటును సిస్టమ్ అధికారి ఖాతా కోసం విడిగా దాచిపెడుతుంది. మీకు మిగిలిన చోటు సున్నా అయినా సిస్టమ్ తన పని చేసుకుపోగలిగేది అందుకే. లాగిన్ తెర దర్జాగా కనిపిస్తుంది, మీ డెస్క్‌టాప్ మాత్రం చిన్న తాత్కాలిక ఫైలైనా రాసుకోలేక కూలిపోతుంది.

అప్పుడు కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కాలి. బొమ్మల్లేని నల్లటి తెర వచ్చి ఖాతా పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు. కీబోర్డు చెడిందని కంగారుపడకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. ఇందులోకి వెళ్లగలిగితే సగం భయం తీరినట్టే, ఎందుకంటే మీ ఖాతా, పాస్‌వర్డ్, ఫైళ్లు అన్నీ ఉన్నాయని తేలిపోయింది. 'డీఎఫ్ -హెచ్' అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొడితే ఏ డిస్క్ ఎంత నిండిందో శాతాల్లో వస్తుంది. 100 శాతం కనిపిస్తే 'సుడో ఆప్ట్ క్లీన్' అన్న ఆజ్ఞతో, దించుకున్న ప్యాకేజీల కాపీలు పోయి చోటు వస్తుంది. ఆపైన పాత సినిమాలేవైనా ఉంటే వాటి గతి మీ చేతిలో ఉంది.

డిస్క్ ఖాళీగానే ఉంటే అదే నల్లతెర నుంచి కొత్త ఖాతా ఒకటి తెరవాలి. కొత్త ఖాతా గ్రాఫిక్ తెరలోకి సాఫీగా వెళ్తే సిస్టమ్ బాగున్నట్టే, లోపం మీ పాత ఖాతా సెట్టింగుల్లో ఉన్నట్టు. ఎవరో చెప్పారని అధికారి హోదాలో ఏదో ప్రోగ్రామ్ నడిపినప్పుడు మీ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ అనే దాగి ఉండే ఫైలు ఒక్కోసారి ఆ అధికారి సొంతమైపోతుంది. మీ ఫైలును మీరే చదవలేని స్థితి. దాని పేరు మార్చి పక్కన పెడితే తర్వాతి లాగిన్‌లో కొత్తది పుడుతుంది. పదేళ్ల సమాచారం తుడిచెయ్యమన్న జబ్బుకు ఇదీ మందు!

కరెంటు కోతలున్న ఊళ్లలో మరో ప్రమాదం ఉంది. అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు కొత్తవి, కొన్ని పాతవిగా మిగిలిపోతాయి. 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' అన్న ఆజ్ఞ, అప్పటికే విప్పి అమరిక మిగిలిపోయిన ప్యాకేజీల పని పూర్తిచేస్తుంది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. సిగ్నల్ దొరకని చోట అది చిన్న వరం కాదు.

ఇక లాగిన్ తెరే రాని కేసులు. వీటిలో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులున్న యంత్రాల పేరు ముందు వస్తుంది. కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్ కూడా దానికి సరిపడేలా తయారవ్వాలి. కాకపోతే నల్లతెరే. పాత కార్డులు నడిపే 390 శ్రేణి డ్రైవర్‌కు ఎన్విడియా 2022 చివరితో మద్దతు ఆపేసింది. కాబట్టి నిన్నటిదాకా నడిచిన కార్డు కొత్త వెర్షన్‌లో అనాథ కావచ్చు. కంప్యూటర్ ఆన్ అవుతుండగా వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద పాత కెర్నల్ ఇంకా ఉంటుంది. దాన్ని ఎంచుకుని చూడాలి. అదీ కుదరకపోతే అదే మెనూలో కెర్నల్ వరుస చివర 'నోమోడ్‌సెట్' అన్న మాట చేరిస్తే తెర కాస్త మోటుగా వచ్చినా, పని చేసుకోవడానికి దారి దొరుకుతుంది.

ఈ తెర గొడవల వెనక పెద్ద మార్పే నడుస్తోంది. 1980ల నుంచి యునిక్స్, ఆ తర్వాత లినక్స్ తెరలను నడిపిన ఎక్స్ వ్యవస్థ తప్పుకుని వేలాండ్ వస్తోంది. ఉబుంటు 2017లో 17.10తో వేలాండ్‌ను ముందు పెట్టి, ఆరు నెలలకే 18.04లో వెనక్కి తగ్గింది, 2021లో మళ్లీ తెచ్చింది. 2025 అక్టోబర్‌లో వచ్చిన 25.10లో ఎక్స్ మీద గ్నోమ్ డెస్క్‌టాప్‌ను నడిపే వీలునే తీసేసింది. 22.04, 24.04 వాడేవాళ్లకు మాత్రం ఖాతా పేరు నొక్కాక కింద మూలన పళ్లచక్రం గుర్తు కనిపిస్తుంది. అందులో 'ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్' ఎంచుకుంటే కొన్ని మొండి యంత్రాలు దారికొస్తాయి. తయారీదారులకూ ఇదంతా అంత తేలిక కాదు. 2024 ఆగస్టు చివర 24.04.1 విడుదలయ్యాక అప్‌గ్రేడ్ సాధనంలో లోపం బయటపడి, పాత వెర్షన్ల నుంచి మారే దారిని కొన్నాళ్లు మూసేశారు. అప్‌గ్రేడ్ బటన్ కనిపించిన మొదటి రోజే నొక్కకపోవడం పిరికితనం అనిపించుకోదు.

విండోస్‌లోనూ వింతలు తక్కువేం లేవు. 2025 ఆగస్టు నాటి ఒక ముందస్తు అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో కొందరికి లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ గుర్తు మాయమైంది. గుర్తు కనబడదు గానీ అది ఉండాల్సిన చోట నొక్కితే పనిచేస్తుందని మైక్రోసాఫ్టే చెప్పింది. విండోస్ 10 నుంచి 11కి మారినవాళ్లు మామూలుగా 10 రోజుల్లోపు పాతదానికి వెనక్కి వెళ్లవచ్చు. లాగిన్ తెర మీదే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ మెనూ వస్తుంది, సేఫ్ మోడ్‌కు దారి అందులోనే. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే ఎంత నేర్పరికైనా చేతులు కట్టేసినట్టే. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి.

ఇవేవీ పనిచేయకపోయినా ఫార్మాట్‌కు ముందు ఇంకో మెట్టుంది. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపితే లోపలి డిస్కును కదపకుండానే ఫైళ్లు చూడొచ్చు, వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. డిస్కుకు తాళం వేసి ఉంటే దాని కీ కావాలి, అంతే. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందే ఆ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి, ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట పెట్టుకోండి. సర్వీస్ షాపులో "ఫార్మాట్ కొట్టాలి" అన్నప్పుడు "ముందు నా ఫైళ్లు కాపీ చేసి చూపించు బాబూ, తర్వాత కొట్టు" అని అడగండి. డబ్బు తీసుకుని పనిచేసే మనిషి చేయాల్సిన మొదటి పని అదే.