‘నెలకు నూటికి పది’ ఇస్తుందట ఆ కాయిన్.. మీవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

గద్వాల నుంచో వనపర్తి నుంచో మీ బంధువు ఒకరు ఫోన్ చేశారనుకోండి. “ఒక కాయిన్ ఉందట, లక్ష పెడితే నెలకు పదివేలు వస్తున్నాయట. నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు కదా, నిజమేనా?” అని అడిగారు. “అదంతా మోసం” అని ఫోన్ పెట్టేస్తే ఆయన ఇంకొకరిని అడుగుతారు. ఆ ఇంకొకరు చాలాసార్లు ఆ కాయిన్‌లో చేర్పించే మనిషే అయి ఉంటాడు. అందుకే ఆ మాట ఆయనకు ఎందుకు నచ్చిందో ముందు తెలుసుకోవాలి.

వేరే దేశాల్లో కారణం వేరు

అర్జెంటీనా, టర్కీ, నైజీరియాల్లో జనం క్రిప్టో వైపు వెళ్లడానికి ఒక పెద్ద కారణం సొంత కరెన్సీ మీద నమ్మకం పోవడం. జీతం చేతికొచ్చిన నెలలోనే దాని విలువ కరిగిపోతుంటే, డాలరుతో ముడిపెట్టిన యూఎస్‌డీటీ లాంటి కాయిన్లు కొని దాచుకుంటారు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి డబ్బు పంపడానికీ వాడతారు.

మన దగ్గర రూపాయి అలా కుప్పకూలలేదు. ముంబైలో పనిచేసే పాలమూరు కూలీ నాగర్‌కర్నూల్‌లోని ఇంటికి యూపీఐలో క్షణాల్లో డబ్బు పంపగలడు, ఖర్చు కూడా లేదు. అయినా చైనాలసిస్ సంస్థ ఇచ్చే క్రిప్టో వినియోగ సూచీలో 2023, 2024, 2025లలో వరుసగా భారత్‌దే మొదటి స్థానం.

ఇక్కడి రిస్కు కరెన్సీలో లేదు, ఆదాయంలో ఉంది. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి వేసే రైతునే తీసుకోండి. పెట్టుబడికి ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, దానికి వడ్డీ నడుస్తుంది. విత్తనం ఇచ్చాక పరీక్షలు పాసైతేనే లెక్క తేలుతుంది, దానికి నెలలు పడుతుంది. అంటే అప్పు ఈరోజుది, ఆదాయం ఎప్పటిదో తెలియదు.

ఇలాంటి చోట డబ్బు లెక్క ఏడాదికి ఇన్ని శాతం అని ఉండదు. నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని ఉంటుంది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇచ్చే ఆరేడు శాతం ఈ లెక్కలో అర్ధ రూపాయి చిల్లర. కాబట్టి ‘నూటికి పది’ అనగానే మీకు అసాధ్యంగా తోచేది, ఆయనకు కాస్త ఎక్కువ వడ్డీలా వినిపిస్తుంది. స్కీములు నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. దేశవ్యాప్తంగా వేలమందిని ముంచిన గెయిన్‌బిట్‌కాయిన్ ఇచ్చిన హామీ కూడా ఇదే: నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు. దాని సూత్రధారి 2018లో అరెస్టయ్యాడు.

చెప్పింది ఎవరు?

టెక్నాలజీ చూసి చేరేవాళ్లకంటే, చెప్పిన మనిషిని చూసి చేరేవాళ్లే ఎక్కువ అని నాకనిపిస్తుంది. 2024లో నిర్మల్ జిల్లాలో బయటపడిన యూబిట్ కాయిన్ వ్యవహారమే ఉదాహరణ. అరెస్టయినవారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులు ఉన్నారు. ఊళ్లో టీచర్ చెబితే ఎవరు కాదంటారు? పైగా మొదట చేరినవాళ్లకు డబ్బు నిజంగానే వస్తుంది. అది వెనక చేరినవాళ్ల డబ్బు. యాప్‌లో పెరుగుతూ కనిపించే బ్యాలెన్స్ నిర్వాహకులు రాసిన అంకె మాత్రమే.

“ప్రభుత్వమే పన్ను వేస్తోంది కదా” అనే మాట కూడా మీకు వినిపిస్తుంది. పన్ను నిజమే. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం, అదే ఏడాది జులై నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. కానీ పన్ను వేయడం అంటే హామీ ఇవ్వడం కాదు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌దారుకు రూ.5 లక్షల వరకు బీమా ఉంటుంది. క్రిప్టోకు అలాంటిదేమీ లేదు. పేరున్న ఎక్స్ఛేంజీలోనూ అంతే. 2024 జులైలో వజీర్‌ఎక్స్ హ్యాకయి దాదాపు రూ.2,000 కోట్ల విలువైన ఆస్తులు పోయాయి. ఖాతాదారుల డబ్బు ఏడాదికి పైగా ఇరుక్కుపోయింది.

ఇప్పుడు ఆయనకు ఏం చెప్పాలి?

మూడు ప్రశ్నలు అడగమనండి. ఆ సంస్థ కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉండే ఎఫ్ఐయూలో నమోదైందా? 2023 మార్చి నుంచి క్రిప్టో సంస్థలు మనీలాండరింగ్ చట్టం పరిధిలోకి వచ్చాయి, నమోదు తప్పనిసరి. స్థిరమైన రాబడి అంటున్నారా? ధర రోజూ మారే కాయిన్‌పై నెలనెలా ఒకే మొత్తం ఇవ్వడం కుదరదు. ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ ఉందా? ఉందంటే వెంటనే ఆగిపోమనండి. ఎందుకంటే కేసు పడితే చేర్పించినవాళ్లూ నిందితులవుతారు. తన డబ్బు పోయిందన్న మాట అక్కడ పనికిరాదు.

“మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, వారానికింత ఇస్తాం” అన్నా ఒప్పుకోవద్దని చెప్పండి. సైబర్ మోసాల సొమ్మును క్రిప్టోగా మార్చి దాటించడానికి ఇలాంటి ఖాతాలే వాడతారు. పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు దగ్గరికే.

ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లోనే ఉండి, ఆపే వీలు ఉండొచ్చు. కాయిన్‌గా మారి బయటికి వెళ్లాక చాలా కష్టం. డిపాజిట్ స్కీము అయితే స్థానిక పోలీస్ స్టేషన్‌తో పాటు రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. అనుమతి లేని డిపాజిట్ల సేకరణను 2019 కేంద్ర చట్టం నిషేధించింది. లావాదేవీల యూటీఆర్ నంబర్లు, వాలెట్ అడ్రస్, వాట్సాప్ గ్రూప్ స్క్రీన్‌షాట్లు దాచమనండి. గ్రూప్ నుంచి తీసేశాక అవి దొరకవు.

ఫిర్యాదు తర్వాత “మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి” అంటూ ఫోన్లు రావొచ్చు. అది రెండో మోసం. 1930కి ఫోన్ చేయడానికి గానీ, పోర్టల్‌లో ఫిర్యాదుకు గానీ ఫీజేమీ లేదు.