నీళ్లు తగ్గిస్తే దాహం పెరుగుతుందేం?

"మా మామగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నీళ్లు తక్కువ తాగమన్నారు. తాగకపోతే నోరు పిడచకట్టుకుపోతోందంటారు. ఎందుకిలా? ఎలా నెట్టుకురావాలి?"

ముందు నీళ్ల చెంబు సంగతి వదిలేసి ఉప్పు డబ్బా సంగతి చూడండి. రక్తంలో ఉప్పదనం పెరిగితే మెదడు దాహం వేయిస్తుంది. దాన్ని మందలించి ఆపలేం. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పుంటుంది, మన రక్తం ఉప్పదనానికి అది దగ్గరే. లెక్కన, తిన్న ప్రతి 9 గ్రాముల ఉప్పుకూ ఒళ్లు లీటరు నీళ్లు అడుగుతుంది. కిడ్నీలు బాగుంటే రెండూ మూత్రంలో పోయేవి. ఇప్పుడు కాళ్లవాపుగా, ఆయాసంగా నిలిచిపోతాయి. ఆ నీళ్లన్నీ మిషన్ మీద నాలుగు గంటల్లో లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

కూర చప్పగా వండి పక్కన ఆవకాయ బద్ద వేస్తే తగ్గించిందేమీ లేదు. అప్పడం, చల్లమిరపకాయ, ఎండుచేప అన్నీ ఉప్పు ఖాతాలోవే. రోజుకు మొత్తం ఉప్పు ఓ చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త నిమ్మరసంతో రుచి తెప్పించండి. 'తక్కువ సోడియం' అని అమ్మే ఉప్పు మాత్రం ఇంట్లోకే రానివ్వొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇంటి ముందే కొబ్బరిచెట్లుండే, కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానం వాళ్లకు చెప్పడం కష్టమేగానీ, దాహానికి కొబ్బరిబోండం కూడా అందుకే వద్దు.

నీళ్ల కొలత సాధారణంగా ముందురోజు పోసిన మూత్రమంత, పైన అరలీటరు. మీ డాక్టరు చెప్పిన లెక్క వేరైతే అదే పాటించండి. పొద్దున్నే అన్ని నీళ్లు ఓ సీసాలో పోసి, కాఫీ, చారు, మజ్జిగ తాగినప్పుడల్లా అంత ఒంపేయండి. సాయంత్రానికి ఎంత మిగిలిందో ఆయనకే కనిపిస్తుంది. నోరెండితే పుక్కిలించి ఉమ్మేయొచ్చు. ఓ ఐసుముక్క చప్పరిస్తే గుక్కెడు నీళ్లకన్నా ఎక్కువసేపు ఊరట, అదీ కొలతలోదే.

ఇంత చేసినా దాహం ఆగకపోతే షుగరు చూపించండి, అది ఎక్కువైనా ఇంతే. డయాలసిస్ అయిన వెంటనే దాహం మరీ ఎక్కువగా ఉంటే మిషన్ ద్రావణంలో సోడియం ఎంత పెడుతున్నారో డాక్టరును అడగండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదంటే మాత్రం తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.