రోజుకు ఒక మిల్లీమీటరు

హైదరాబాద్‌లో పొద్దున్నే ప్రగతి నగర్ నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి బారులు తీరే బైకులను చూస్తే నా కళ్లు నడిపేవాళ్ల భుజాల మీదికే పోతాయి. బండి మీంచి పడ్డప్పుడు తల ఒకవైపు, భుజం మరోవైపు లాగేస్తే మెడ నుంచి చేతికి దిగే ఐదు నరాల మూలాలు సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి వెన్నుపాము నుంచే ఊడివస్తాయి. ఎముక విరక్కపోవచ్చు, నెత్తురూ కనబడకపోవచ్చు. చెయ్యి మాత్రం వేలాడిపోతుంది.

మన వాడుకలో రక్తనాళమూ నరమే, కండరాన్ని ఎముకకు కట్టే టెండానూ నరమే. నేను చెబుతున్నది మెదడు ఆజ్ఞను కండరానికి, చర్మం స్పర్శను మెదడుకు మోసే నరం గురించి. అది తెగితే కింది భాగంలోని తీగలు చచ్చిపోతాయి. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి ఈ సంగతి కనిపెట్టాడు. తీగ పోయినా దాన్ని చుట్టిన గొట్టం మిగులుతుంది. అందులోని ష్వాన్ కణాలు చెత్తను ఊడ్చి, వరుసకట్టి, పైనుంచి వచ్చే మొలకకు దారి పరుస్తాయి. ఆ మొలక నడక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు.

లెక్క వేసి చూడండి. సంక్రాంతి మాంజా మణికట్టు దగ్గర కోస్తే అరచేతి కండరాలు 10 సెంటీమీటర్ల లోపే, మూడు నాలుగు నెలల ప్రయాణం. మెడ దగ్గర తెగితే 70 సెంటీమీటర్లు, దాదాపు రెండేళ్లు. ఏడాది, ఏడాదిన్నర నరం అందని కండరం ఎండిపోతుంది. ఆ తర్వాత మొలక వచ్చి తలుపు తట్టినా పలికేవాళ్లుండరు.

అందుకే సర్జన్ పోరాటమంతా కాలంతోనే. మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కొసలు కలుపుతారు. లాగి కుడితే అతకదు కాబట్టి, ఎడముంటే పిక్క వెనకాల స్పర్శ నరాన్ని తీసి వంతెన వేస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1994లో ఫ్రాన్స్‌లో ఓబర్లిన్ అనే సర్జన్ చూపిన అడ్డదారి. చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరంలోంచి ఒక పాయను మోచేతిని మడిచే కండరపు నరానికి, కండరం పక్కనే కలిపాడు. మొలక నడవాల్సింది ఇక కొద్ది సెంటీమీటర్లే.

కుష్ఠు వ్యాధిలోనూ నరాలు దెబ్బతింటాయి, కానీ అక్కడ ఇదంతా కుదరదు. ప్రగతి నగర్ పక్కనే కూకట్‌పల్లిలో 1958లో రాణి కుముదినీ దేవి కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పారు. ఆ రోగుల వేళ్లు కొంకర్లు పోవడానికి కారణమైన క్రిమి కాపురముండేది ష్వాన్ కణాల్లోనే. దారి వేసేవాళ్లే పోతే నరాన్ని కుట్టి ఏం లాభం? అందుకే వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ నరాన్ని వదిలి, బతికున్న కండరపు టెండాన్‌ను మళ్లించి వేళ్లను తెరిపించాడు.

ప్రమాదం తర్వాత చెయ్యి లేవకపోతే ఎముక బాగుందన్న ఎక్స్‌రే చూసి ఊరుకోకండి. ఆగి చూడాలా, ఆపరేషన్ చేయాలా అన్నది నరాల సర్జన్ మొదటి వారాల్లోనే తేల్చాలి. చెయ్యి కోసుకుంటే, కుట్లు వేసే ముందే వేళ్ల కొసల్లో స్పర్శ ఉందో లేదో చూడమని అడగండి.