వత్తులు లేని గ్రీకు

ఇరవై ఏళ్లకు పైగా ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించాను. వత్తులు రాని పిల్లలు 'పుస్తకం' చెబితే 'పుసతకం' అని రాస్తారు. గ్రీకు భాషను మొట్టమొదట రాసిందీ దాదాపు ఇలాగేనని చదివిన రోజు నుంచి ఆ ప్రాచీనులు నాకు దగ్గరివాళ్లైపోయారు.

సోక్రటీసుకి ఏడు వందల ఏళ్ల ముందే గ్రీసులో రాజభవనాలుండేవి. గొర్రెలు, నూనె, కంచు, కూలీల బత్తెం లెక్కలన్నీ గుమాస్తాలు పచ్చి మట్టి పలకల మీద గీసేవారు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో పైలోస్ భవనం తగలబడింది. ఆ మంటల్లోనే పలకలు కాలి గట్టిపడ్డాయి. 1939లో కార్ల్ బ్లెగెన్ తవ్వకాల్లో బయటపడ్డాయి.

ఆ లిపిని లీనియర్ బి అంటారు. పదాల చివరలు మారే తీరు పట్టుకుని ఆలిస్ కోబర్ దారి వేశారు. సిగరెట్ పెట్టెల నిండా చీటీలు రాసి దాచుకున్న ఆమె, 1950లో, ఫలితం చూడకుండానే కన్నుమూశారు. 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆర్కిటెక్టు ముడి విప్పాడు.

నాకు ప్రాణమైన పలక ఒకటుంది. 'తి-రి-పో-దె' అని రాసి, పక్కన మూడు కాళ్ల పాత్ర బొమ్మ గీసి, రెండు అని అంకె వేశాడు గుమాస్తా. 'త్రి' రాయడానికి ఆ లిపిలో వత్తు లేదు, అందుకే 'తి-రి'. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న త్రి, పాదం అన్న మాటలకు ఇవి తోబుట్టువులే. ద్వివచనం కూడా ఉంది: పాత్ర ఒక్కటైతే 'తి-రి-పో'. అదే పలకలో ఇంకో పాత్రకు కాళ్లు కాలిపోయాయని రాసుకున్నాడు. పాడైపోయిన దాన్ని కూడా లెక్క తప్పించలేదు. ఆ నిజాయితీకి నాకు కళ్లు చెమరుస్తాయి.

కానీ ఆ రాత భవనాలు దాటి ఊళ్లోకి రాలేదు. భవనాలు కూలగానే అదీ పోయింది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఫినీషియన్ల దగ్గర గ్రీకులు మళ్లీ అక్షరాలు నేర్చుకున్నారు. అవన్నీ హల్లులే. తమ నోట పలకని కొన్నిటిని అచ్చులుగా మార్చుకున్నారు. ఇంగ్లీషు ఏ, ఈ, ఓ అక్షరాలు అలా వచ్చినవే.

ఈసారి రాత జనం చేతికొచ్చింది. ఏథెన్సులో దొరికిన, క్రీ.పూ. 740 నాటి కూజా మీద, బాగా నాట్యమాడినవారికి ఇది బహుమానమని గీసి ఉంది. చివరి అక్షరాలు మాత్రం గజిబిజి. రాత అంతగా రాని మరో చెయ్యి అక్కడ అక్షరాలు దిద్దుకుని ఉంటుందని కొందరు పండితులంటారు.