బండెక్కే విద్యకూ గురువులున్నారు: ముడి చూశాకే మొదటి అడుగు

కొడకండ్ల: కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో చలికాలం వచ్చిందంటే ఒక వృత్తివారికి చేతినిండా పని. కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారడం నేర్పే శిక్షకులు వారు. వచ్చినవారికి వారు మొదట నేర్పేది వేగంగా జారడం కాదు. ఎలా ఆగాలి, పడవలసి వస్తే దెబ్బ తగలకుండా ఎలా పడాలి, పడ్డాక ఎలా లేవాలి అన్నదే తొలి పాఠం. మంచు పడితేనే వారికి కూలి. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో వారాల తరబడి మంచు పడకపోతే, వానకోసం మన మెట్ట రైతు మబ్బు చూసినట్టే వారూ ఆకాశం చూశారు.

మన ప్రాంతంలో మంచు లేదు. కాని బండలకు కొదవలేదు. ఆ బండల మీద ఎక్కడం, దిగడం నేర్పే శిక్షకులు మనకు ఎంతో దూరాన లేరు. కొడకండ్ల నుంచి బస్సులో జనగామ చేరి, సికింద్రాబాద్ వైపు పోయే రైలెక్కితే ఆలేరు, రాయగిరి దాటాక భువనగిరి గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్టే వారి బడి, బండే వారి పలక. వారి పని మనకెందుకులే అనుకోనక్కరలేదు. తెల్లవారితే తాటిచెట్టెక్కే గౌడన్నలు లేని ఊరు మన మండలాల్లో అరుదు. పైకి ఎక్కిన మనిషి క్షేమంగా కిందికి దిగడం ఎట్లా అన్నదే ఈ శిక్షకులు నేర్పే విద్య.

ఏకశిల మీద బడి

భువనగిరి కోట ఉన్నది ఒకే శిల మీద. గుడ్డు ఆకారంలో, సుమారు 500 అడుగుల ఎత్తున ఉంటుంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యునికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ పేరు మీద త్రిభువనగిరి అయింది, అదే వాడుకలో భువనగిరిగా నిలిచింది. మన రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్ కోటకు చెందిన సర్వాయి పాపన్న 1708లో ఈ భువనగిరి మీద దాడి చేసినట్లు చరిత్ర చెబుతోంది. గీత వృత్తి కుటుంబంలో పుట్టిన పాపన్న పేరు ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. ఒకనాడు శత్రువు ఎక్కరాదని ఎంచుకున్న బండే ఈనాడు పిల్లలకు ఎక్కడం నేర్పే బండ అయింది.

కోడి కూతతో మొదలు

శిక్షకుని దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దెక్కితే బండ కాలుతుంది. చెయ్యి ఆనించలేం, చెమటకు పట్టు జారుతుంది. అందుకే ఎండ ముదరకముందే ఎక్కే పాఠాలు ముగించుకోవాలి.

పిల్లలు రాకముందే అతను తాళ్ళు చూసుకోవాలి. తాడును మొదటి నుంచి చివరి దాకా మూరమూరా వేళ్ళ మధ్య నుంచి పోనిస్తాడు. ఎక్కడైనా మెత్తబడిందా, ఉబ్బిందా, పై పొర చిరిగిందా అని కళ్ళకంటే ముందు వేళ్ళు కనిపెడతాయి. అనుమానం కలిగిన తాడును మనుషుల బరువుకు వాడరు. పెద్ద పాటును ఆపిన తాడు పైకి బాగానే కనిపించినా పక్కన పెట్టేస్తారు. తాడును తొక్కడం కూడా తప్పే. తొక్కితే ఇసుక రేణువులు లోపలి పోగుల్లోకి దిగి కనపడకుండా కోస్తాయి.

నడుముకు, తొడలకు బిగించే బెల్టు, తలకు హెల్మెట్, తాడును బెల్టుకు కలిపే కొక్కెం అన్నీ లెక్క చూసుకోవాలి. ఈ కొక్కేన్ని కారబినర్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉన్నా సుమారు రెండు టన్నుల లాగుడుకు తట్టుకునేలా చేస్తారు. అయితే దాని నోరు సరిగా మూయకపోతే ఆ బలం చాలావరకు పోయినట్టే. ఆ తరువాత శిక్షకుడు పైకి వెళ్ళి తాడు కట్టే చోటు చూస్తాడు. ఒక్క ఆధారాన్ని నమ్మి కట్టరు. రెండు మూడు చోట్ల కట్టి, ఒకటి ఊడినా మరొకటి ఆపేలా చూస్తారు. బండ సందుల్లో తేనెపట్టు ఉందేమో, కదిలే రాయి ఉందేమో చూడడం కూడా అతని పనే.

చేతులు కాదు, కాళ్ళు నమ్మాలి

పిల్లలు వచ్చాక మొదటి పాఠం ముడి. ఎనిమిది అంకె ఆకారంలో వేసే ఈ ముడి బరువు పడేకొద్దీ బిగుస్తుంది. ముడి వేసినవాడు చూసుకోవాలి, పక్కవాడు చూడాలి, చివరగా శిక్షకుడు చూడాలి. మూడోసారి చూశాకే మొదటి అడుగు. నూరోసారి ఎక్కేవాడికైనా ఇదే నియమం. కొత్తవారు భయంతో జాగ్రత్తగా ఉంటారు. అలవాటైనవారే చూడకుండా అడుగు వేస్తారు. శిక్షకుని కన్ను ఎక్కువగా ఉండవలసింది వారి మీదే.

కొత్తగా ఎక్కేవారు బండను కౌగిలించుకుంటారు. భయపడ్డ మనిషి చేసే మొదటి పని అది. అట్లా చేస్తే బరువు కాళ్ళ మీద నుంచి తప్పి పాదం జారుతుంది. వాలు బండ మీద నడుము బండకు దూరంగా పెట్టి, నిటారుగా పాదాల మీద నిలవాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ బండను పట్టి ఉండాలి, ఒక్కటే కదలాలి. మంచు మీద జారేవారికి కూడా ఇటువంటి చిక్కే. భయంతో వెనక్కు వాలితే పలకలు అదుపు తప్పుతాయి, లోయ వైపే ఒరగాలి. బండ మీదైనా, మంచు మీదైనా భయం ఒక మాట చెబుతుంది, విద్య ఇంకో మాట చెబుతుంది. విద్య చెప్పిన మాట వినేలా చేయడమే శిక్షకుని పని.

కింద తాడు పట్టుకున్నవాడి పాఠం వేరు. పైవాడు జారితే ఆపవలసింది అతనే. అతని ఒక చెయ్యి ఏ క్షణంలోనూ తాడు వదలకూడదు. చెమట తుడుచుకోవడానికైనా ఆ చెయ్యి వాడరాదు. పైవాడి ప్రాణం కిందివాడి పిడికిట్లో ఉన్నదని పిల్లలకు మొదటి రోజే అర్థమవుతుంది.

దిగేటప్పుడే కన్నీళ్ళు

ఎక్కడం కంటే దిగడం కష్టం. తాడు మీద దిగేటప్పుడు బండ అంచున నిలబడి, వీపు లోయ వైపు పెట్టి, వెనక్కు వాలాలి. ఎంత ధైర్యవంతుడికైనా అక్కడ కాళ్ళు వణుకుతాయి. కొందరు పిల్లలు ఏడుస్తారు. శిక్షకుడు అరవకూడదు, నెట్టకూడదు, నవ్వకూడదు. దిగేవారి బెల్టుకు రెండో తాడు కట్టి ఉందని చూపించి, పక్కనే కూర్చుని, మొదటి రెండడుగులు మాటతో నడిపించాలి. మధ్యలో బిగుసుకుపోయిన పిల్లవాడి దగ్గరకు తాను మరో తాడు మీద దిగి తీసుకు రావాలి. సాయంత్రం తలలు లెక్కపెట్టి, తాళ్ళు చుట్టి, కొక్కేలు లెక్కచూసి, వాడిన తాడు వివరం పుస్తకంలో రాస్తేనే రోజు ముగిసినట్లు.

ఈ బండ నుంచి ఎవరెస్టుకు

ఈ విద్య ఎంత దూరం తీసుకుపోగలదో 2014లో లోకం చూసింది. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికైన 110 మంది పిల్లలు భువనగిరిలో తర్ఫీదు పొందారు. వారిలో 20 మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థకు పంపారు. చివరకు ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద కాలు మోపారు. వ్యవసాయ కూలీల బిడ్డ అయిన పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. వారికి తర్ఫీదు ఇచ్చినవారిలో శేఖర్‌బాబు బచినేపల్లి ముఖ్యులు. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కింది.

శిక్షకుడు కావడం కూడా తేలిక కాదు. 1954లో ఏర్పడిన డార్జిలింగ్ సంస్థలోనో, 1965లో ఉత్తరకాశీలో ఏర్పడిన నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. మంచి శ్రేణి వస్తే పై తరగతి మరో నాలుగు వారాలు. అందులోనూ నెగ్గితే బోధనా పద్ధతి నేర్పే తరగతి ఇంకో మూడు వారాలు. ఇంత చేసినా పని ఏడాది పొడవునా ఉండదు. వానాకాలం బండ నాచు పట్టి జారుతుంది, వేసవిలో కాలుతుంది.

తాటివనంలో అవసరమైన పాఠం

ఇక మన ఊళ్ళ సంగతి. గౌడన్నకు చెట్టెక్కడం నేర్పిన గురువు తండ్రో, మేనమామో. మోకు, ముత్తాదు, కాళ్ళకు గుజి, ఇవే అతని సాధనాలు. మోకు మీద వాలి నిలిచినంతసేపు అది కాపాడుతుంది. అయితే పైకి సాగాలంటే మోకును వదులు చేసి మీదికి జరపాలి. ఆ ఒక్క క్షణం కాళ్ళే ఆధారం. వాన కురిసిన మర్నాడు చెట్టు జారినా, మోకు తెగినా రెండో ఆధారం ఉండదు. భువనగిరి శిక్షకుడు ఒక్క ఆధారాన్ని నమ్మడు. మన గౌడన్నకు ఇంతకాలం ఒక్కటే ఆధారం. చెట్టు మీది నుంచి పడి చనిపోయినవారు, నడుము విరిగి మంచాన పడ్డవారు ఎందరో ఉన్నారు. వారి ఇళ్ళలో ఆ తరువాత బతుకు ఎట్లా గడుస్తుందో ఊళ్ళో వారికి చెప్పనవసరం లేదు.

ఈ లోటు తీర్చడానికే రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దీన్ని ప్రారంభించారు. పట్టు తప్పినా మనిషి కిందికి రాకుండా ఆపడం వీటి పని. కొండలెక్కేవారు నమ్ముకున్న బెల్టు, తాడు, కొక్కెం పద్ధతే ఇందులోనూ ఉంది.

కాని పరికరం ఇచ్చినంత మాత్రాన ప్రాణం నిలవదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్లన్నీ ఎక్కి దిగే మనిషికి బెల్టు బిగించడం, కొక్కెం వేయడం ఆలస్యమనిపించడం సహజం. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్న పెద్దాయనకు ఒక కుర్రవాడు వచ్చి ఎక్కడం నేర్పుతానంటే నవ్వు రావడమూ సహజమే. ఒక్క పూట చూపించి వెళితే ఆ కవచం గోడకు వేలాడే ప్రమాదం ఉంది. బండ మీద పిల్లలకు రోజుల తరబడి ముడి వేయించి, విప్పించి, మళ్ళీ వేయిస్తేనే చేతికి అలవాటు పడుతోంది. చెట్టు దగ్గరా అంతే.

కనుక ప్రతి ఊళ్ళో తాటివనంలోనే, వారు రోజూ ఎక్కే చెట్ల కిందనే శిక్షణ ఇవ్వాలి. కొన్నాళ్ళకు శిక్షకుడు మళ్ళీ వచ్చి చూడాలి. గీత వృత్తిలో ఉన్న యువకులనే ఎంపిక చేసి శిక్షకులుగా తయారు చేస్తే పెద్దలు కూడా వారి మాట వింటారు, ఆ యువకులకు ఉపాధీ దొరుకుతుంది. పాత తాళ్ళు ఎప్పటికప్పుడు మార్చి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఎక్సైజు, వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖల అధికారులు ఈ విషయంలో శ్రద్ధ వహించాలి. గౌడన్నలు కూడా ఆలస్యమైనా సరే, బెల్టు బిగించి, కొక్కెం నోరు మూసిందో లేదో చూసుకున్నాకే చెట్టు మీద కాలు పెట్టాలి. పొద్దున చెట్టెక్కిన మనిషి కోసం ఇంట్లో ఎదురుచూసేవారుంటారు.