తేదీల అవధి తప్పితే గ్రాఫు తప్పుతుంది: పత్తి, మిరప పరిశీలనలలో పాటించవలసిన జాగ్రత్తలు

గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప ఒకే క్యాలెండరు సంవత్సరంలో ముగిసే పంట కాదు. ఆగస్టు, సెప్టెంబరులలో నాటిన తోటలో కోతలు మరుసటి మార్చి వరకు సాగుతాయి. పత్తి తీతలు కూడా తరచు జనవరి దాటుతాయి. అయినను మన నివేదికలలోని అనేక గ్రాఫులు జనవరి 1న మొదలై డిసెంబరు 31న ఆగుతాయి. 2021-22లో ఈ ప్రాంతపు మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఉద్ధృతిని ఆ చట్రంలో చూపితే, ఒకే ఉపద్రవం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కనుక అక్షపు అవధిని పంట కాలమే నిర్ణయించాలి: జూన్ 1 నుండి మార్చి 31 వరకు. ప్రామాణిక వాతావరణ వారాలు వాడునప్పుడు 22 నుండి 52, ఆపై 1 నుండి 13 అని క్రమాన్ని స్పష్టంగా ఇవ్వాలి. లేనిచో సాఫ్ట్‌వేరు 1వ వారాన్ని మొదట ఉంచుతుంది.

సాఫ్ట్‌వేరుకు తేదీ అనగా ఒక సంఖ్య. 2023 జూన్ 1 ఎక్సెల్‌లో 45078. 1970 జనవరి 1 నుండి రోజులు లెక్కించే ఆర్‌లో 19509. తేదీ అక్షరాలుగా నమోదైతే అవధి పనిచేయదు. 05-12-2023 అనునది డిసెంబరు 5 కావచ్చు, మే 12 కావచ్చు. సంవత్సరం, నెల, రోజు అను వరుసలో వ్రాయుట క్షేమం.

గంటల వారీ డేటాలో చివరి తేదీ విషయమై మరింత జాగ్రత్త అవసరం. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల సమీపంలో తీరం దాటింది. పై అవధిగా డిసెంబరు 5 అని మాత్రమే ఇస్తే, సాఫ్ట్‌వేరు దానిని ఆ రోజు మొదటి క్షణంగా, అనగా 00:00 గంటలుగా గ్రహిస్తుంది. తుఫాను తీరం దాటిన ఘడియలే గ్రాఫులో ఉండవు! అవధిని డిసెంబరు 6, 00:00 వరకు ఇవ్వాలి. డేటా లాగరు యూటీసీలో నమోదు చేస్తే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. దినసరి వర్షపాతం ఉదయం 8:30కు కొలిచినది కనుక, 5వ తేదీ అంకెలో 4వ తేదీ వాన అధికభాగం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

అవధి విధించుటకు రెండు మార్గాలున్నాయి. ఆర్‌లోని జీజీప్లాట్2లో స్కేలుకు అవధి ఇస్తే, బయటి విలువలు లెక్క నుండే తొలగిపోతాయి. ధోరణి రేఖ మిగిలిన వాటితోనే గీయబడుతుంది. కోఆర్డ్ కార్టీజియన్‌కు ఇస్తే, మొత్తం డేటాతో రేఖ గీసి, కోరిన భాగాన్ని మాత్రమే చూపుతుంది. గులాబీ రంగు పురుగుకు పెట్టిన లింగాకర్షక బుట్టల లెక్కలలో నవంబరును మాత్రమే చూపదలచినపుడు మొదటి మార్గం అక్టోబరు పెరుగుదలను మరచిపోతుంది. అదే డేటా నుండి వేరొక రేఖ వస్తుంది. వరుసలు తొలగించినట్లు సాఫ్ట్‌వేరు ఇచ్చే హెచ్చరికను విద్యార్థులు ఉపేక్షించరాదు.

గ్రాఫును చూసి విస్తరణ శాస్త్రవేత్త సలహా ఇస్తారు. ఆ సలహాపై రైతు మందు కొంటాడు. కావున ప్రతి గ్రాఫు క్రింద ఆరంభ, అంత్య తేదీలను, కాలమానాన్ని, తొలగించిన విలువల సంఖ్యను తెలుపుట మన విధి.